కళింగపట్నం తీరంలో లాడ్జి: స్లాబా, చుట్టిల్లా?

ప్రశ్న: నమస్తే సార్, కళింగపట్నం దగ్గర మాకు సరుగుడు తోట ఉంది, అందులో చిన్న లాడ్జి కడదామనుకుంటున్నాం. ఇంజినీరేమో సముద్రం వైపంతా గ్లాసు పెట్టి స్లాబు వేద్దామంటున్నాడు, అమ్మేమో చుట్టిల్లులా కట్టరా అంటోంది. ఏది మంచిది?

జవాబు: నన్నడిగితే అమ్మగారి మాటే వినండి. మన తీరం తూర్పుకుంది కదా, గ్లాసు పెడితే పొద్దున్నే ఎండంతా గదిలోకొచ్చి పడుతుంది, ఇక రోజంతా ఏసీ ఆపలేరు. ఉత్తరాంధ్రలో చుట్టిళ్లు ఊరికే పుట్టలేదండీ, గుండ్రటి గోడకి మూలలుండవు కాబట్టి గాలి పక్కల నుంచి జారిపోతుంది, తాటాకు చూరు మనిషి వంగి వెళ్లేంత కిందికి దిగుతుంది కాబట్టి మట్టిగోడ మీద వాన పడదు, ఎండా పడదు. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తుఫాన్లు చూసినవాళ్లం, గాలి సంగతి మనకి వేరే చెప్పాలా!

అలాగని అచ్చం పాతకాలం ఇల్లే కట్టమనట్లేదు. గోడలు ఇటుకతో గుండ్రంగా లేపి సున్నం పూత వేయించండి, పైన తాటాకు కప్పు బాగా వాలుగా పెట్టి వాసాల్ని గోడలో చుట్టూ పోసే కాంక్రీటు పట్టీకి (బెల్టుకి) బోల్టులతో బిగించండి. తాటాకుకి నిప్పు భయం ఉంది కాబట్టి వంటగది మీద మాత్రం పెంకులే. కాంక్రీటు వాడేచోట కడ్డీల మీద 50 మి.మీ. కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీటు మందం, ఉండాలి, లేకపోతే ఉప్పుగాలికి తుప్పు పట్టి పెచ్చులూడిపోతాయి, సముద్రపు ఇసుక అయితే అసలు ముట్టుకోవద్దు. సరుగుడు చెట్లు కొట్టించకండి, తుఫానుకి మొదట అడ్డం నిలబడేవి అవే. ప్లాను గీయించే ముందే సీఆర్‌జెడ్ (సముద్రతీరంలో కట్టడాల మీద ఆంక్షలుండే ప్రాంతం) అనుమతి సంగతి తేల్చుకోండి.