ప్రాక్సీ వెనక టోకెన్: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు పనికొస్తుందా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. స్మార్ట్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ప్రాక్సీ వెనక, అంటే కాల్స్‌ను దానికి చేరవేసే మరో కాంట్రాక్టు వెనక ఉన్నా సరే, అది ఈఆర్‌సీ-20 టోకెన్ ప్రమాణాన్ని (ఎథీరియం టోకెన్‌లో ఏ ఫంక్షన్లు ఎలా ఉండాలో చెప్పే నియమాలు) పాటిస్తోందో లేదో చెప్పే టూల్‌ను ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేయాలని ఉంది. క్రిప్టో అనగానే నాన్న టెన్షన్ పడుతున్నారు. ఇందులో ఉద్యోగాలుంటాయా?

జవాబు: తప్పకుండా చేయండి. ముందు నాన్నగారి సంగతి చూద్దాం. ఈ ప్రాజెక్టు కోసం ఒక్క రూపాయి పెట్టి కాయిన్ కొనక్కర్లేదు. ఎథీరియం బ్లాక్‌చెయిన్‌లో కాంట్రాక్టుల కోడ్, స్టోరేజ్ ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఫౌండ్రీ అనే డెవలపర్ టూల్‌తో అసలు నెట్‌వర్క్ నకలును మీ ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవచ్చు. ఆయన భయమంతా ట్రేడింగ్ గురించి. మీరు చేయబోయేది ప్రోగ్రామ్ ఎనాలిసిస్ అని కూర్చోబెట్టి చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఇక అసలు పని. బైట్‌కోడ్‌లో (కంపైల్ అయ్యాక నెట్‌వర్క్ మీద నడిచే కోడ్) ట్రాన్స్‌ఫర్, బ్యాలెన్స్‌ఆఫ్ వంటి ఆరు తప్పనిసరి ఫంక్షన్ల సెలెక్టర్లు (ఫంక్షన్‌ను గుర్తించే నాలుగు బైట్ల గుర్తులు) వెతకడం అందరికీ తట్టే పద్ధతి. ప్రాక్సీ దగ్గర అది పనిచేయదు. వచ్చిన కాల్‌ను డెలిగేట్‌కాల్‌తో (అవతలి కోడ్‌ను తన స్టోరేజ్ మీదే నడిపే కాల్) వేరే కాంట్రాక్టుకు పంపడమే ప్రాక్సీ పని కాబట్టి ఆ సెలెక్టర్లు మామూలుగా దాని కోడ్‌లో కనిపించవు. అసలు కోడ్ ఉన్న అడ్రస్ పట్టుకోవాలి. ఈఆర్‌సీ-1967 అనే ప్రాక్సీ ప్రమాణం ప్రకారమైతే అది ఒక నిర్ణీత స్టోరేజ్ స్లాట్‌లో ఉంటుంది. కానీ 2018లో వచ్చిన యూఎస్‌డీసీ అనే డాలర్ టోకెన్ అంతకుముందటి జెప్పెలిన్‌ఓఎస్ అనే డెవలపర్ ప్లాట్‌ఫామ్ స్లాట్ వాడుతుంది. 1967 స్లాట్ ఒక్కటే చూసే టూల్‌కు అంత పెద్ద టోకెన్ కూడా దొరకదు! ఈఆర్‌సీ-1167 మినిమల్ ప్రాక్సీలో అడ్రస్ కోడ్‌లోనే ఉంటుంది. డైమండ్ ప్రాక్సీలో ఫంక్షన్లు వేర్వేరు కాంట్రాక్టుల్లో ఉంటాయి, అన్నీ కలిపి చూడాలి.

సెలెక్టర్లు దొరికినంత మాత్రాన ప్రమాణం పాటించినట్టు కాదు. ఎథీరియం మీది యూఎస్‌డీటీ అనే మరో డాలర్ టోకెన్‌లో ట్రాన్స్‌ఫర్ ఉంది, అయితే ప్రమాణం అడిగిన బూలియన్ (అవును/కాదు) విలువను అది తిరిగి ఇవ్వదు. అందుకే కాల్ చేసి, తిరిగొచ్చిన విలువనూ, అది లాగ్‌లో నమోదు చేసే ఈవెంట్‌నూ చూడాలి. ఆ కాల్ కూడా ప్రాక్సీ ద్వారానే చేయాలి, ఎందుకంటే బ్యాలెన్సులు ప్రాక్సీ స్టోరేజ్‌లో ఉంటాయి. రేపు ప్రాక్సీ వెనక ఉన్న అసలు కోడ్ (ఇంప్లిమెంటేషన్) మారితే మీ ఫలితమూ మారిపోవచ్చు. అందుకని ప్రతి ఫలితం పక్కన బ్లాక్ నంబరు రాయండి.

ఈఆర్‌సీ-20 ఒక్కటే తీసుకోండి, ప్రాక్సీలు రెండు రకాలు చాలు. స్లిథర్ అనే ఎనాలిసిస్ టూల్‌లో ఇలాంటి తనిఖీ ఇప్పటికే ఉంది కదా అని గైడ్ అడుగుతారు. అది సోర్స్ కోడ్ మీద పనిచేస్తుంది, సోర్స్ బయటపెట్టని కాంట్రాక్టుల కోసం బైట్‌కోడ్ చదివే టూల్ మీది అని చెప్పండి. కొన్ని వందల కాంట్రాక్టులను మీరే చేత్తో పరిశీలించి జాబితా చేసి, టూల్ ఎక్కడ తప్పిందో రిపోర్టులో దాచకుండా రాయండి. ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెట్టేది ఆ పేజీలే.

ఉద్యోగాల విషయం ఉన్నదున్నట్టు చెబుతాను. స్మార్ట్ కాంట్రాక్ట్ ఆడిట్ పని ఉంది, కానీ ఫ్రెషర్లకు క్యాంపస్‌లో అరుదు. బగ్ బౌంటీల (లోపాలు కనిపెట్టినవారికి ఇచ్చే బహుమతులు) ఆదాయం నిలకడగా ఉండదు, దాన్ని నమ్ముకుని ప్లేస్‌మెంట్ ప్రిపరేషన్ ఆపొద్దు. బైట్‌కోడ్ చదవడం, స్టాటిక్ ఎనాలిసిస్ మాత్రం ఏ సాఫ్ట్‌వేర్ సెక్యూరిటీ టీమ్‌లోనైనా పనికొస్తాయి.

ఈ వారమే యూఎస్‌డీసీ ప్రాక్సీ స్లాట్ చదివి, వచ్చిన అడ్రస్ ఈథర్‌స్కాన్ వెబ్‌సైట్ చూపించేదానితో సరిపోతుందో చూడండి. అది చేతిలో పెట్టుకుని గైడ్ దగ్గరకు వెళ్లండి.