సీఎన్‌సీ రౌటర్‌కు రోటరీ ఇండెక్సర్ బిగించవచ్చా?

బెంగళూరు పీణ్యలోని మీ షెడ్డులో పూజామందిరాల స్తంభాలు చెక్కడానికి మూడు అక్షాల రౌటర్‌కు (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రానికి) రోటరీ ఇండెక్సర్ (చెక్కను పట్టి తిప్పే పరికరం) జోడించవచ్చా అని అడిగారు. జోడించవచ్చు, కానీ మోటార్లను నడిపే కంట్రోలర్‌లో నాలుగో అక్షానికి, అంటే ఈ తిప్పే కదలికకు, వీలుందో లేదో ముందు చూడండి. మాక్3 అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ దానిని నడపగలదు, అలాంటిదే అయిన జీఆర్‌బీఎల్ మూలరూపం మాత్రం మూడు అక్షాలకే పరిమితం. చుట్టుకు 200 స్టెప్పుల మోటారు, ఒక్కో స్టెప్పుకు 10 మైక్రోస్టెప్పులు (స్టెప్పులోని చిన్న భాగాలు), 18:1 గేరు అయితే ఇండెక్సర్ చుట్టుకు 36,000 పల్సులు అవుతాయి కాబట్టి, సాఫ్ట్‌వేర్‌లో డిగ్రీకి 100 అని ఇవ్వాలి.

అసలు చిక్కు బ్యాక్‌లాష్‌తోనే, అంటే గేర్ల పళ్ల మధ్య ఉండే వదులుతోనే వస్తుంది. గేర్లలో 0.1 డిగ్రీ వదులున్నా 100 మి.మీ. వ్యాసమున్న స్తంభం అంచున అది సుమారు 0.09 మి.మీ. తేడాగా కనిపిస్తుంది, టేకుపై లతలు చెక్కేటప్పుడు దీనిని పట్టించుకోనక్కరలేదు గానీ, అల్యూమినియం కోసేటప్పుడు ఆ వదులువల్లే కట్టర్ అదురుతుంది. ఒక కోణంలో నిలిపి కోయడమే మీ పనైతే, బ్రేకు ఉన్న ఇండెక్సర్ కొనడమే మేలని నా అభిప్రాయం.

చక్ (చెక్కను ఒక కొసన పట్టే బిగింపు), టెయిల్‌స్టాక్ (రెండో కొసన ఆనే ఆధారం) కేంద్రాలను కలిపే గీత ఎక్స్ అక్షానికి సమాంతరంగా ఉందో లేదో డయల్ గేజుతో సరిచూసి, జెడ్ (కట్టర్ పైకీ కిందికీ కదిలే అక్షం) సున్నాను చెక్క పైభాగాన కాక భ్రమణ కేంద్రం వద్ద పెట్టుకుంటే, దుంగ మందం మారినా చెక్కిన స్తంభం వ్యాసం మారదు. కరెంటు ఉండగా మోటారు ప్లగ్గు తీయకండి, డ్రైవర్ కాలిపోవచ్చు.