మూడో పాట నా సీడీలో లేదెందుకు? – సమాధానం

డిస్క్‌లో లోపమేమీ లేదు, మీరు కొన్న టైప్ వేరు. కొత్త సింగిల్‌లో (కొన్ని పాటలతో వచ్చే చిన్న సీడీ) అందరూ మెచ్చుకుంటున్న మూడో పాట మీకు రాకపోవడానికి కారణం అదే. నోగిజాకా46 లాంటి జపాన్ పాప్ గ్రూపులు ఒకే సింగిల్‌ని టైప్ ఎ, బి, సి, డి, ఆపైన మామూలు ఎడిషన్‌గా విడుదల చేస్తాయి. టైటిల్ పాట అన్నిట్లోనూ ఉంటుంది. కప్లింగ్ పాటల్లో, అంటే టైటిల్ పాటతో పాటు వచ్చే మిగతా పాటల్లో, ఒకటి మాత్రం టైప్‌ని బట్టి మారుతుంది. (నన్నడిగితే చాలాసార్లు అసలు మంచి పాట అక్కడే దాక్కుంటుంది.)

1. ముందు సీడీ పెట్టె వెన్ను మీద సన్నగా అచ్చయిన హిన్‌బాన్, అంటే కేటలాగ్ నంబరు చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. కవర్ ఫొటో నచ్చి ఆర్డర్ పెట్టేస్తారు. ప్రతి టైప్‌కీ నంబరు వేరు. గ్రూపు అధికారిక సైటులో ఆ నంబరు కింద ఏ పాటలున్నాయో సరిచూసుకోండి. సైటు జపనీస్‌లో ఉన్నా టెన్షన్ వద్దు, నంబరు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెల్లోనే ఉంటుంది.

2. ఆరు ట్రాకులుంటే ఆరు పాటలనుకోకండి. 'ఆఫ్ వోకల్' అని ఉన్నవి గొంతు లేని కరోకే ట్రాకులు.

3. పాట కోసమే అయితే ఇంకో డిస్క్ కొనకండి. స్ట్రీమింగ్‌లో సింగిల్ పేరు పక్కన 'స్పెషల్ ఎడిషన్' అని ఉన్నది వెతకండి. అన్ని టైపుల పాటలూ అందులోనే ఉంటాయి.

4. వీడియో కోసం కొంటానంటే మాత్రం ఆగండి. వీడియో ఉండే బ్లూరే డిస్క్‌కి ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ కోడ్ ఉంటుంది. జపాన్‌ది రీజియన్ ఎ, ఇండియా ప్లేయర్లు రీజియన్ సి. కాబట్టి ఇక్కడి ప్లేయర్‌లో ఆడకపోవచ్చు.