ఇంజన్ బాగా నడుస్తున్నప్పుడే విప్పించు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

బోటు కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు పంపిన ఫొటోలూ చూశాను. మెర్క్యురీ రేసింగ్ వాళ్ల 525 ఇఎఫ్ఐ మంచి ఇంజన్. 8.2 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. గాలిని బలంగా లోపలికి తోసే సూపర్‌చార్జర్ లేకుండానే 525 హార్స్‌పవర్ ఇస్తుంది. అయితే మీటర్‌లో 310 గంటలే ఉన్నాయి, ఇంకా కొత్తదే కదా అని రాశావు చూడు, ఆ మాట చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

కారుకైతే 310 గంటలు ఒక లెక్కే కాదు. హైవే మీద కారు ఇంజన్ తన బలంలో కొంచెమే వాడుతుంది. బోటుకి ఆ వెసులుబాటు లేదు. టెక్సోమా లేక్‌లో 4000 ఆర్‌పీఎం మీద, అంటే ఇంజన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరుగుతుండగా, పోతున్నావంటే, నిండు లోడు లారీ అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతూనే ఉన్నట్టు. మామూలు బోటు ఇంజన్ 1500 గంటలు లాగుతుందని మెకానిక్కులు అంటారు. నీ ఇంజన్ లాంటివాటికి మూడు నాలుగు వందల గంటలకే పై భాగం, అంటే సిలిండర్ హెడ్లు, విప్పి చూడాలి. వెయ్యి హార్స్‌పవర్ దాటిన సూపర్‌చార్జ్‌డ్ ఇంజన్లయితే ఇంకా ముందే. ఇవి అంచనాలే, ఎలా నడిపారన్నదాన్ని బట్టి మారతాయి.

ఎలా నడిపారో తెలుసుకునే దారి ఉంది. ఏ ఆర్‌పీఎంలో ఎన్ని గంటలు తిరిగిందో ఇంజన్ కంప్యూటర్ రాసిపెట్టుకుంటుంది. డీలర్ దగ్గర ల్యాప్‌టాప్ తగిలించి ఆ చిట్టా తీయించు. పైన పైన తిరిగిన గంటలు ఎక్కువుంటే 310 అన్న అంకెను నమ్మకు. అప్పుడే లీక్‌డౌన్ టెస్ట్ కూడా చేయించు. ప్రతి సిలిండర్‌లోకీ గాలి ఎక్కించి, ఎంత జారిపోతోందో చూస్తారు. పది శాతం లోపుంటే నిశ్చింత. ఏదైనా ఒకటి ఇరవై దాటితే గాలి ఎక్కడి నుంచి వస్తోందో దగ్గరుండి వినమను. ఎగ్జాస్ట్‌లో బుస్సుమంటే వాల్వ్, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు.

నాకు అన్నిటికన్నా భయం, వాల్వులను మూసి ఉంచే వాల్వ్ స్ప్రింగులంటే. సగటున 3000 ఆర్‌పీఎం వేసుకున్నా, 310 గంటల్లో ఒక్కో స్ప్రింగు రెండున్నర కోట్ల సార్లకు పైగా నొక్కుకుని లేచి ఉంటుంది. వేడికీ ఆ అలసటకీ బిగువు తగ్గుతుంది. బయటికి ఏమీ తెలియదు, ఇంజన్ హాయిగా స్టార్టవుతుంది, శబ్దం మారదు. ఒకరోజు ఫుల్ థ్రాటిల్‌లో స్ప్రింగు విరిగి, వాల్వ్ సిలిండర్‌లోకి పడుతుంది. పిస్టన్ దాన్ని గుద్దుతుంది. ఆ తర్వాత మిగిలేది ఇనప ముక్కలే. స్ప్రింగుల సెట్టు ఖర్చుకీ కొత్త ఇంజన్ ఖర్చుకీ పోలికే లేదు కాబట్టి, ఈ సీజన్ అయ్యాక హెడ్లు దింపించి స్ప్రింగుల బిగువు కొలిపించు. వాల్వులు, గైడ్లు, లిఫ్టర్లు కూడా చూడమను. బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు విప్పడమని పక్క డాక్ వాళ్లు అంటారు. విననక్కర్లేదు.

పాత ఓనరు వాల్వులను తెరిచే క్యామ్ గానీ, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ గానీ మార్చాడేమో కనుక్కో. క్యామ్ మరీ పెద్దదైతే ఐడిల్‌లో గాలి వచ్చే వాల్వూ పొగ పోయే వాల్వూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. అప్పుడు ఎగ్జాస్ట్‌లో కలిసే చల్లటి నీరు తుంపరగా వెనక్కి సిలిండర్‌లోకి వస్తుంది. వాల్వ్ సీట్లు తుప్పు పట్టేది అలాగే. ఒక స్పార్క్ ప్లగ్ తీసినప్పుడు కొనమీద ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే వెంటనే నాకు ఫొటో పంపు.

నడపడంలో రెండే చెప్తాను. ఆయిల్ వేడెక్కకుండా థ్రాటిల్ ముందుకు తొయ్యకు. నీళ్ల టెంపరేచర్ తొందరగానే ఎక్కుతుంది, ఆయిల్‌కి ఇంకా టైమ్ పడుతుంది, నువ్వు చూడాల్సింది ఆయిల్ గేజే. రెండోది, అల మీంచి బోటు ఎగిరినప్పుడు ప్రొపెల్లర్ గాల్లో తిరుగుతుంది, ఆర్‌పీఎం ఒక్కసారిగా లేస్తుంది. మళ్లీ నీళ్లలో పడగానే ఆ దెబ్బంతా డ్రైవ్ గేర్ల మీద పడుతుంది. ఎగరకముందే చెయ్యి వెనక్కి రావాలి. ఆ అలవాటు పడేదాకా అలలున్న రోజు మెల్లగానే వెళ్లు. నువ్వు పడిపోతే ఇంజన్ ఆపేసే కిల్ స్విచ్ తాడు మాత్రం ఎప్పుడూ ఒంటికి తగిలించుకో. 2021 నుంచి వచ్చిన ఫెడరల్ రూల్ 26 అడుగుల లోపు బోట్లకేనని, నీది 28 అని వదిలెయ్యకు. స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు, ఇంజన్ గదిలోని ఆవిరిని బయటికి లాగే బ్లోయర్ నడపాలి, పెట్రోలు ఆవిరితో ఆటలొద్దు.

ఇంజన్‌కి నీళ్లు లాగే పంపులోని ఇంపెల్లర్ ఏటా మార్చెయ్యి, చూడ్డానికి బాగున్నా సరే. ఆయిల్ 50 గంటలకోసారి, అంత తిరక్కపోతే సీజన్ చివర్న తప్పనిసరి. టెక్సోమా మంచినీళ్ల లేకేగా అనుకుంటున్నావేమో. రెడ్ రివర్ మోసుకొచ్చే ఉప్పు వల్ల ఆ నీళ్లలో కొంచెం ఉప్పదనం ఉంటుంది, స్ట్రైప్డ్ బాస్ చేపలు అక్కడ గుడ్లు పెట్టి పెరగడానికి అదీ ఒక కారణం. అందుకని వెళ్లొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో ఫ్లష్ చెయ్యి.

చలికాలం మీ టెక్సాస్ వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. 2021 ఫిబ్రవరిలో మైనస్ డిగ్రీలు వచ్చినప్పుడు, నీళ్లు ఖాళీ చెయ్యని ఇంజన్ బ్లాకులు పగిలాయి. నవంబర్‌లోనే డ్రెయిన్ ప్లగ్గులన్నీ తీయించు. నీళ్లు రాకపోతే ఖాళీ అయిందనుకోవద్దు, తుప్పు అడ్డుపడి ఉండొచ్చు, సన్న తీగతో పొడవమను.

ఆయిల్ మార్చేటప్పుడు కొంచెం శాంపిల్ తీసి ఇండియానా, ఫోర్ట్ వేన్‌లోని బ్లాక్‌స్టోన్ ల్యాబ్‌కి పంపు. రిపోర్ట్‌లో రాగి, సీసం పెరిగితే బేరింగులు అరుగుతున్నట్టు, సోడియం ఉంటే బయటి నీళ్లు లోపలికి వస్తున్నాయేమో చూడాలి. ఒక్క రిపోర్ట్‌తో పెద్దగా తెలియదు, వరసగా మూడు నాలుగు పక్కన పెట్టుకుంటేనే ఏది పెరుగుతోందో కనిపిస్తుంది. మొదటిది రాగానే నాకు పంపు, ఫోన్‌లో కూర్చుని ఒక్కో అంకే చూద్దాం.

మీ మావయ్య