ట్యూబు రాస్తే తగ్గుతోంది.. ఆపితే మళ్లీ దురద!

ప్రశ్న: నా వయసు 42. మూడేళ్లుగా షుగర్ ఉంది. నాలుగు నెలలుగా జననాంగం దగ్గర విపరీతమైన దురద. గజ్జల్లో మొదలైన ఎర్రటి మచ్చలు తొడల మీదికి పాకాయి. అప్పుడప్పుడు తెల్లబట్ట పెరుగు తరకల్లా అవుతోంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, ఆపితే మళ్లీ మొదలు. మావారికీ గజ్జల్లో దురద ఉంది. ఎవరికైనా చూపించుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఏం చేయాలి?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మీరు చెప్పినదాన్ని బట్టి రెండు సమస్యలు కలిసి ఉన్నట్టున్నాయి. గజ్జల నుంచి తొడలకు పాకుతున్నది తామర అనే చర్మపు ఫంగస్ కావచ్చు. పెరుగు తరకల్లాంటి తెల్లబట్ట, లోపల దురద కాండిడా అనే ఫంగస్ వల్ల కావచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను.

ముందు ఆ ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరు కనిపిస్తే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణచిపెడుతుంది గానీ ఫంగస్‌ను చంపదు. పైగా చర్మానికి ఉన్న రక్షణశక్తిని తగ్గించి, దాన్ని ఇంకా పాకనిస్తుంది. తామర గుండ్రటి అంచు కూడా చెదిరిపోయి, చూసే డాక్టరే తికమకపడే పరిస్థితి వస్తుంది. గజ్జల చర్మం అసలే పల్చన. నెలల తరబడి రాస్తే మరింత పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు మళ్లీ పోవు. ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మకూడని ఈ మందును దురద అనగానే చేతిలో పెట్టేస్తున్నారు, అదీ మన ఖర్మ! ట్యూబు ఆపేయండి. ఆపాక కొన్నాళ్లు దురద, ఎరుపు పెరగొచ్చు. కంగారుపడి మళ్లీ రాయొద్దు, ఆ వారంలోనే డాక్టర్‌ను కలవండి.

మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూస్తే ఫంగస్ తేలుతుంది. తెల్లబట్టనూ అలాగే పరీక్షిస్తారు. తామరకు పూత మందుతో పాటు కొన్ని వారాలు మాత్రలు అవసరం కావచ్చు. దురద తగ్గిందని మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే వస్తుంది. లోపలి ఇన్ఫెక్షన్‌కు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ మాత్రలు గానీ, నోటి మాత్రలు గానీ ఇస్తారు. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందే చెప్పండి, ఫ్లూకోనజోల్ లాంటి నోటి మాత్రలు అప్పుడు వాడరు. మీవారికి కూడా ఒకేసారి వైద్యం జరగాలి. లేదంటే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

షుగర్ అదుపులో లేకపోతే ఈ ఫంగస్ వదలదు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. మీ షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి ఉన్నాయేమో కూడా చూడండి. ఇవి మూత్రంలోకి చక్కెరను పంపేస్తాయి కాబట్టి అక్కడ ఫంగస్ ఎక్కువగా వస్తుంది. మీ అంతట మీరు ఆపొద్దు, షుగర్ డాక్టర్‌కు విషయం చెబితే అవసరమైతే మారుస్తారు.

డెట్టాల్, సబ్బు, సెంటు వాసన వచ్చే వాష్‌లు లోపల వాడకండి. పైన మామూలు నీళ్లతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకుంటే చాలు. వదులైన కాటన్ లోదుస్తులు వేసుకోండి, టవల్ ఎవరిది వారికే. ఎవరికీ కనబడకూడదని లోదుస్తులను చీర చాటున, బాత్రూంలో ఆరేస్తుంటారు చాలామంది. అవి పూర్తిగా ఆరవు. నేరుగా ఎండలోనే వేయండి.

సిగ్గు అనిపిస్తే లేడీ డాక్టర్ దగ్గరకే వెళ్లండి, గైనకాలజిస్టయినా చర్మవైద్యులైనా సరే. చర్మం తెల్లగా పాలిపోయి ముడతలు పడినా, మానని పుండు, గడ్డ, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపించినా అసలు ఆలస్యం చేయొద్దు. అవి వేరే జబ్బులు కావచ్చు, కొన్నిసార్లు చిన్న ముక్క తీసి బయాప్సీ చేయాల్సి వస్తుంది.