అరవైల రాక్, సోల్, ఫోక్: చేతులు మారిన పాటలను వినండి

1960లలో రాక్, సోల్ (నల్లజాతి అమెరికన్ల చర్చి పాటల ఛాయలున్న సంగీతం), ఫోక్ (జానపదం) సంగీతాలు అంత త్వరగా ఎలా మారిపోయాయి, కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న. నేను చరిత్రకారుడిని కాను. పెళ్లి రిసెప్షన్లలో, వినాయక చవితి పందిళ్లలో సినిమా పాటలు వాయించే ఆర్కెస్ట్రాలో చాలా ఏళ్లు బేస్ గిటార్ వాయించాను. అందుకే నా జవాబు కాస్త బేస్ వైపు ఒరుగుతుంది.

మూడింటినీ విడివిడిగా చదివితే ఏదీ తలకెక్కదు. ఒకరి పాట మరొకరి చేతికి వెళ్లినప్పుడు ఏమైందో వినండి. ఉదాహరణకు ‘ద హౌస్ ఆఫ్ ద రైజింగ్ సన్’ ఎవరు కట్టారో తెలియని అమెరికన్ జానపదం. 1962లో అమెరికన్ ఫోక్ గాయకుడు బాబ్ డిలన్ తన మొదటి ఆల్బంలో దాన్ని చేతిలో గిటార్ తప్ప మరో తోడు లేకుండా పాడాడు. 1964లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ కుర్రాళ్లు, ద యానిమల్స్, అదే పాటకు ఎలక్ట్రిక్ గిటార్, ఆర్గన్ జోడించారు. నాలుగు నిమిషాలు దాటిన ఆ పాట బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేరింది. మరుసటి ఏడాది ద బర్డ్స్ బృందం డిలన్ రాసిన ‘మిస్టర్ టాంబరిన్ మ్యాన్’ను పన్నెండు తీగల ఎలక్ట్రిక్ గిటార్‌తో పాడి, నాలుగు చరణాల్లో ఒక్కటే ఉంచుకుంది. ఆ పాట మొదట్లోనే బేస్ ఒక్కసారి జారుతూ వస్తుంది, గమనించండి. అది వాయించింది బృందంలోని వ్యక్తి కాదు, స్టూడియో కళాకారుడు ల్యారీ నెక్టెల్.

ఆ వేసవిలోనే డిలన్ ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ విడుదల చేశాడు. గిటార్ వాయిద్దామని ఆ రికార్డింగుకు వెళ్లిన అల్ కూపర్, అక్కడ మైక్ బ్లూమ్‌ఫీల్డ్ వాయించడం విని తన గిటార్ పక్కన పెట్టేసి, పెద్దగా అలవాటు లేని ఆర్గన్ ముందు కూర్చున్నాడు. తక్కినవాళ్ల కన్నా లిప్తపాటు వెనక వినిపించే ఆ ఆర్గనే ఇవాళ అందరికీ గుర్తుంది. జూలై 25న న్యూపోర్ట్ ఫోక్ ఉత్సవంలో డిలన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే జనంలో కొందరు అరిచి గోల చేశారు. ఆ గొడవ గురించి కావలసినదానికన్నా ఎక్కువే రాశారని నా అభిప్రాయం.

ఇక సోల్. సామ్ కుక్ చర్చి పాటల బృందంలో పేరు తెచ్చుకుని బయటికి వచ్చినవాడు. మనుషులకు స్వేచ్ఛ ఎప్పుడొస్తుందని అడిగే డిలన్ పాట ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ విన్నాక, ఇలాంటి పాట నల్లజాతివాడినైన నేను కదా రాయాల్సింది అని మథనపడ్డాడు. 1963లో ల్యూజియానాలోని ఒక హోటల్లో జాతి వివక్ష వల్ల గది దొరకకపోవడం కూడా తోడై ‘ఎ చేంజ్ ఈజ్ గాన్నా కమ్’ పుట్టింది. సింగిల్‌గా (ఆల్బం కాకుండా విడి పాటగా వచ్చే రికార్డుగా) అది విడుదలయ్యేనాటికి, 1964 డిసెంబరులో, ఆయన బతికి లేడు. డిలన్ ‘బ్లోయిన్ ఇన్ ద విండ్’ను 1966లో పదహారేళ్ల స్టీవీ వండర్ పాడాడు. దాని నడకే మారిపోయింది.

స్టీవీ వండర్ పాడింది అమెరికాలోని డెట్రాయిట్ నగరపు మోటౌన్ రికార్డు కంపెనీకి. నాకు ప్రాణమైన చోటు అదే. మా ఆర్కెస్ట్రాలో కీబోర్డ్ వాయించే పెద్దాయన ఒకసారి మోటౌన్ పాటల క్యాసెట్ చేతిలో పెట్టి, “గాయకుణ్ని వదిలెయ్, కింద ఏం జరుగుతోందో విను” అన్నారు. కింద ఉన్నది మోటౌన్ స్టూడియోలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. నేనూ అలా ప్రయత్నించాను, ఒక పాట అయ్యేసరికి మణికట్టు పట్టేసింది. అప్పటివరకు నాకు బేస్ అంటే కార్డ్‌లోని (కలిపి మోగే స్వరాల్లోని) మూలస్వరాన్ని పట్టుకుని కూర్చోవడం. జేమర్సన్ ఆ స్వరం దగ్గర నిలవడు, దరువు పడే చోటు తప్పించి మధ్యలోంచి దూరి, గాయకుడు ఊపిరి తీసుకునే జాగాలో తన మాట చెప్పి వెళతాడు. స్టీవీ వండర్‌దే ‘ఐ వాజ్ మేడ్ టు లవ్ హర్’ వినండి. (ఇళయరాజా పాటల్లో బేస్ విని పెరిగినవారికి ఈ రుచి వెంటనే పట్టుబడుతుంది.) ఇంత చేసినా 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ వచ్చేదాకా జేమర్సన్ లాంటి స్టూడియో వాద్యకారుల పేర్లు మోటౌన్ ఆల్బంల మీద వేయలేదు. దీనికి నాకు ఇప్పటికీ కోపమే.

అమెరికా సోల్ రికార్డుల్లో బేస్ అంత గట్టిగా వినిపిస్తుంటే తమ రికార్డుల్లో ఎందుకు వినిపించదని బీటిల్స్ అడిగేవారు. 1966లో ‘పేపర్‌బ్యాక్ రైటర్’ కోసం ఇంజినీరు జెఫ్ ఎమెరిక్ ఒక లౌడ్‌స్పీకర్‌నే మైకులా వాడి పాల్ మెకార్ట్‌నీ బేస్‌ను పట్టాడు. అంతకు మూడేళ్ల ముందటి వాళ్ల పాట ఏదైనా దీని పక్కన పెట్టి వినండి, తేడా తెలుస్తుంది.

‘రెస్పెక్ట్’ కూడా రెండు గొంతుల్లోనూ వినాలి. 1965లో ఓటిస్ రెడింగ్ పాడినప్పుడు అది ఇంటికొచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట. 1967లో అరీతా ఫ్రాంక్లిన్ దాన్ని ఆడదాని డిమాండుగా మార్చింది. మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి పాడే చోటు ఆమె చేర్చిందే. ఎదురు దిశలో, రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ను ఓటిస్ బాకాలతో పాడాడు.

ఏది ముందు వినాలంటే, రెండు ‘రెస్పెక్ట్’లతో మొదలుపెట్టండి. తర్వాత యానిమల్స్, ఆపైన డిలన్ ‘ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్’, వెంటనే 1968 నాటి జిమి హెండ్రిక్స్ రూపం. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు, సగం బేస్ అందులో వినిపించదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. మోటౌన్ పాటలకు దొరికితే మోనో (రెండు చెవుల్లోనూ ఒకే ధ్వని వచ్చే) రికార్డింగులే వెతకండి. ఆనాటి సింగిల్స్‌ను కారు రేడియోల్లో బాగా పలికేలా మోనోలోనే తయారు చేసేవారు.