మౌతార్గాన్‌లో ఒక రీడు శ్రుతి తప్పింది. ఇంట్లో ట్యూన్ చేసుకోవచ్చా? శ్రుతి చూపే యాప్ ఏది మంచిది?

నిక్షేపంలా చేసుకోవచ్చు. మీ రెండో ప్రశ్న దగ్గరే నాకు పేచీ. ఇళ్లలో పాడైన మౌతార్గాన్లలో సగం యాప్ చూస్తూ పాడుచేసినవేనని నా గట్టి నమ్మకం.

పని బ్రహ్మవిద్యేం కాదు. రీడంటే ఊపిరికి ఊగి పలికే సన్న ఇత్తడి రేకు. దాని కొసన ఇత్తడి కాస్త గీకితే కొస తేలికై శ్రుతి ఎక్కుతుంది. రివెట్ (రీడుని లోపలి లోహపు ప్లేటుకి బిగించే చీల) వైపు గీకితే దిగుతుంది. గీకేటప్పుడు రీడు వంగిపోకుండా కింద పాత బ్లేడు ముక్క దూర్చాలి (వేళ్లు జాగ్రత్త). గోళ్లకి వాడే సన్న ఆకురాయి చాలు. రెండు గీతలు గీకడం, కాసేపు ఆగడం, మెల్లగా ఊది వినడం. ఆగమనేది ఎందుకంటే రాపిడికి రీడు వేడెక్కుతుంది, ఆ వేడిలో విన్న శ్రుతి నిలవదు. గట్టిగా ఊదినా శ్రుతి దిగినట్టే వినిపిస్తుంది.

వీటన్నిటికంటే ముందు కవరు విప్పి మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి. మిర్చి బజ్జీ తిని నోరు పుక్కిలించకుండా వాయించేవాళ్లం మనం. కొసన పేరుకున్న మడ్డి బరువుకే శ్రుతి దిగిపోతుంది. అది వదిలితే చాలాసార్లు ఆకురాయి అవసరమే రాదు.

ఇక యాప్ సంగతి. శ్రుతి కుదిరితే పచ్చగా, తప్పితే ఎర్రగా చూపిస్తుంది. మా బావమరిది దగ్గర 24 గదుల (ఊదే రంధ్రాల) ట్రెమోలో రకం మౌతార్గాన్ ఉంది. ఒక వేసవిలో దాన్ని తెచ్చి నా ముందు పెట్టాడు. "బావా, యాప్‌లో అన్నీ పచ్చగానే చూపిస్తోంది. వాయిస్తే మాత్రం పిల్లల బూరలా ఉంది" అన్నాడు. విప్పి చూస్తే పైవరుస రీడ్లన్నిటికీ రివెట్ దగ్గర గీతలే గీతలు. ట్రెమోలోలో ప్రతి స్వరానికీ రెండు రీడ్లుంటాయి. వాటిలో ఒకదాన్ని కావాలనే కాస్త ఎక్కువ శ్రుతిలో పెడతారు. ఒకటి 440 హెర్ట్జ్, ఇంకోటి 444 అనుకోండి, శబ్దం సెకనుకి నాలుగుసార్లు పెరిగి తగ్గుతూ అలల్లా ఊగుతుంది. ఆ వాద్యం అందమంతా ఆ ఊపులోనే ఉంది. మావాడు రెండూ యాప్‌కి సరిపోవాలని పట్టుబట్టి ఆ ఊపుని ఓపిగ్గా గీకి పారేశాడు.

"ఎందుకురా ఇంత కష్టపడ్డావు" అంటే, "ఎర్రగా చూపిస్తుంటే టెన్షన్‌గా ఉండింది బావా" అన్నాడు!

కింది వరుస వాడు ముట్టుకోలేదు కాబట్టి దాన్నే ఆధారం చేసుకున్నాం. ఒక వరుస గదులకి సెల్లో టేపు వేసి రెండోది విడిగా వినడం, టేపు తీసి రెండూ కలిపి వినడం. పైవరుస రీడ్ల కొసలు కొంచెం కొంచెంగా గీకుతూ పోయాను. ఫోను మాత్రం వంటింట్లో పెట్టించాను. ఫ్యాన్ కూడా ఆపాల్సిందే, ఎందుకంటే తిరిగే రెక్కలు శబ్దాన్ని తరిగి లేని అలని పుట్టిస్తాయి. మే నెలలో ఫ్యాన్ ఆపించినందుకు మా ఆవిడ నన్నే కాదు, వాళ్ల తమ్ముణ్ణి కూడా వదల్లేదు. ఊపు ఒక్కో గదిలో తిరిగొస్తుంటే వాడి మొహం చూడాలి. అన్నీ కుదిరాయని చెప్పను, పై గదుల్లో రెండు మూడు అంతంతమాత్రమే.

పది గదుల మామూలు మౌతార్గాన్‌లోనూ యాప్ ఇలాంటి తంటాయే పెడుతుంది. సా, గా, పా కలిపి ఊదితే తియ్యగా వినిపించాలని చాలా మోడళ్లలో ఆ గాంధారాన్ని ఫ్యాక్టరీలోనే తగ్గించి పెడతారు. తంబురా మీటితే తనంతట తానే వినిపించే గాంధారం ఉంది చూడండి, అది యాప్ ఒప్పుకునే గాంధారం కంటే సుమారు 14 సెంట్లు తక్కువ. అంటే అర్ధస్వరంలో ఏడో వంతు. యాప్ దాన్ని తప్పంటుంది. మీరు పచ్చరంగు వచ్చేదాకా గీకితే ఆ మూడు స్వరాలూ కలిసినప్పుడు గరగరలాడతాయి. అందుకే అదే స్వరాన్ని కింది స్థాయిలో, పై స్థాయిలో (సా అయితే కింది సా, పై సా) కలిపి ఊది, అలలు ఆగేదాకా సరిచేయమంటాను. చెవి దానంతటదే పట్టుకుంటుంది. హార్మోనియం రిపేరు చేసే పెద్దవాళ్లు ఏ యాప్ చూసి నేర్చుకున్నారు?

షాపులవాళ్లతో ఇంకో బాధ. గిటారు తీగలు అడిగితే నాలుగు రకాలు తీసి పరుస్తారు. మౌతార్గాన్ రీడు అడగండి, "కొత్తది తీసుకోండి సార్" అంటారు. ఎనిమిది వేల వాద్యమైనా అదే మాట.

ఒక్కటి గమనించండి. బాగా పలికే రీడు ఉన్నట్టుండి బాగా దిగిపోయిందంటే రివెట్ దగ్గర పగులు వచ్చి ఉండొచ్చు. దాన్ని గీకి లాభం లేదు, రీడు మార్చాల్సిందే. మీ రీడు ఊదేదో పీల్చేదో మీరు రాయలేదు. పీల్చేదయితే కవరు విప్పగానే పైకే కనిపిస్తుంది, ప్లేటు కదపకుండా పని అయిపోతుంది. ఊదేదయితే ప్లేటు కూడా విప్పాలి. చవక రకాల్లో ప్లేటుకి స్క్రూలు కాకుండా సన్న మేకులుంటాయి. వాటిని పీకే ముందు ఏది ఎక్కడిదో కాగితం మీద గుర్తు పెట్టుకోండి.